నిమిషానికి నలభై గమేలాలు

రాజలింగం లెక్కలో ఈ లోకంలో రెండు రకాల మోటార్లే ఉన్నాయి. అతను బాగుచేసినవి, ఇంకా అతని దాకా రానివి. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీ మూల మీద, ఫోరస్ రోడ్డుకి వీపు తిప్పుకొని ఉండే అతని దుకాణం ఒక నులక మంచమంత ఉంటుంది. అందులో అతనికీ, ఒక వైండింగ్ మిషనుకీ, గోడకి వేలాడే బెల్టులకీ తప్ప ఇంకెవరికీ చోటు లేదు. వచ్చినవాళ్ళు రోడ్డు మీదే నిలబడి మాట్లాడాలి. చుట్టుపక్కల గల్లీల్లో ప్యాంట్లు కుట్టేవాళ్ళూ, బ్యాగులు కుట్టేవాళ్ళూ బోలెడంత మంది. ఏ దర్జీ కాలు ఎంత దురుసో, ఎవరి కుట్టు మిషను ఎంత వేగంగా తిరగాలో రాజలింగానికి నోటికి వచ్చు. "నీకు గింత స్పీడు ఇస్తే బట్ట ఇడిసిపెట్టి వేలు కుట్టుకుంటవ్" అని మొహం మీదే చెప్పి, తగ్గించి పంపిస్తాడు. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళి, నెల తిరక్కుండా ఇంకో మోటారు చంకన పెట్టుకొని అతని దగ్గరికే వస్తారు.

వేగం విషయంలో అతను తన మాట ఎవరినీ దాటనివ్వడు. పక్కింటి ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని అనిపిస్తే పిలవకుండానే స్టూలు వేసుకొని ఎక్కుతాడు. ఒకసారి దగ్గరి చుట్టాల పెళ్ళిలో పప్పు రుబ్బే గ్రైండరు మోటారు ఒక పిసరు నీరసంగా ఉందని, పప్పు తీయించి పక్కన పెట్టి, దాన్ని ముక్క ముక్కగా విప్పాడు. మోటారు బ్రహ్మాండంగా తయారయింది గానీ అప్పటికి పెళ్ళివాళ్ళు గారెలు లేకుండానే భోజనాలు ముగించారు. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ వాళ్ళ ఇంటికి వెళితే రాజలింగం విస్తట్లో గారె పడదు.

అంత కచ్చితమైన మనిషికి సొంత ఇంట్లో ఒకే ఒక్క వేగం తేలకుండా ఉండిపోయింది. అది అతని భార్య గంగవ్వది.

గంగవ్వ పెళ్ళినాటి నుంచి ఏడేళ్ళు స్లాబు పనికి పోయింది. సిమెంటు మాలు నింపిన గమేలా, అంటే ఇనుప తట్ట, కింద కలిపే చోటు నుంచి పైన స్లాబు దాకా చేతులు మారుకుంటూ వెళ్ళాలి. ఆ వరసలో గంగవ్వ చోటు మలుపు దగ్గర. కింది మనిషి అందించిన దాన్ని తీసుకొని, నడుము తిప్పి, నెత్తి మీదికి ఎత్తి, పైనున్న మనిషి చేతిలో పెట్టాలి. అందరికంటే కష్టమైన చోటు అదే. అక్కడ నిలబడ్డ మనిషి ఎంత వేగంగా ఉంటే వరసంతా అంతే వేగం.

"వర్లీల స్లాబు ఏసిన్నాడు నిమిషానికి నలభై గమేలాలు ఎత్తిన. సాయిలు మేస్త్రీ చేతి గడియారం చూసుకుంట లెక్కపెట్టిండు. నమ్మకుంటే ఆయన్నే అడుగు" అంటుంది గంగవ్వ. సాయిలు మేస్త్రీ పోయి పదేళ్ళయింది. ఆయన్ని అడగాలంటే చాలా దూరం వెళ్ళాలి, తిరుగు బండి కూడా ఉండదు.

చాయ ఆలస్యమైందని రాజలింగం సణిగితే, "నిమిషానికి నలభై ఎత్తిన చేతులివి, కొంచెం ఆగుతయ్" అంటుంది. గ్యాసు బండ జరపడానికి ఎవరైనా సాయం రాబోతే నలభై. వంద మెట్లున్న గుడికి పోదామంటే నలభై. రాజలింగం ప్రతిసారీ ఒకటే జవాబు చెప్తాడు. "నలభై లేదు, పాడు లేదు. ఇరవై ఉంటది. మేస్త్రీ గడియారం ముల్లు ఇరిగి ఉంటది." ఇలా నలభై మూడేళ్ళు. వాళ్ళుండే చాళ్‌లో, ఆ ఒంటి గదుల మేడలో, పిల్లలు దాగుడుమూతలాడుతూ అంకెలు లెక్కపెట్టేటప్పుడు కూడా ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, గంగవ్వ, నలభై ఒకటి అంటారు.

చాళ్‌కి ఇదంతా తమాషా. గంగవ్వకి మాత్రం కాదు. ఆమె ఎత్తిన మాలుతో లేచిన మేడలు వర్లీలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. గేటు దగ్గరికి పోతే వాచ్‌మన్ ఏం పని అని అడుగుతాడు. ఆ ఏడేళ్ళ చాకిరీకి ఫొటో లేదు, కాగితం లేదు. ఆమె దగ్గర మిగిలింది ఆ నలభై అనే మాట ఒక్కటే. ఎవరైనా దాన్ని నవ్వులాటగా తీసుకుంటే పైకి తనూ నవ్వేది గానీ ఆ పూట రొట్టెలు మందంగా వచ్చేవి.

అదే వరసలో ఆమె పక్కన నిలబడ్డ కిష్టమ్మ ఇప్పుడు రెండు ఖోలీల, అంటే రెండు గదుల, అవతల ఉంటుంది. సాక్ష్యం చెప్పమంటే, "నేను నా గమేలా చూసుకున్ననా, వదినెది లెక్కపెట్టుకుంట కూసున్ననా?" అని తప్పించుకునేది.

ఇలా ఉండగా, కింది అంతస్తులో ఉండే అతుల్ ఒక బుధవారం పొద్దున ఇనుప పెట్టె ఒకటి భుజాన మోసుకొని దుకాణానికి వచ్చాడు. అతుల్ చోర్ బజార్లో పాత సామాన్లు అమ్ముతాడు. పెట్టె దింపి రొప్పుతూ చెప్పాడు.

"కాకా, ప్రొజెక్టర్. ఇంట్లనే సినిమా ఏసుకునేది. వర్లీల ఒక ఇంజనీర్ సాబ్ ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికింది. రీళ్ళు భీ ఉన్నయ్. చల్తా హై, పన్ మెల్లగ చల్తా హై. సోమవారం గిరాకీ వస్తడు, జర సీదా చేసి ఇయ్యి."

రాజలింగం మూత విప్పాడు. లోపల చిటికెన వేలంత సన్నటి ఇరుసున్న మోటారు, దాని నుంచి చక్రానికి ఒక స్ప్రింగు బెల్టు. మోటారు మీద రేకు చీటీ చదివి ముసిముసిగా నవ్వుకున్నాడు. ఇది అమెరికా సరుకు. అక్కడి కరెంటు సెకనుకి అరవై సార్లు ఊగుతుంది, మనది యాభై సార్లు. వోల్టేజీ సంగతి ట్రాన్స్‌ఫార్మరు చూసుకుంటుంది గానీ ఈ ఊగడాన్ని అది మార్చలేదు. అందుకని ఆరడుగులు వెయ్యాల్సిన చోట ఈ మోటారు ఐదే వేస్తోంది. దానికి మందు కూడా తెలుసు. ఇరుసు మీదున్న చిన్న చక్రాన్ని కాస్త లావు చేస్తే బెల్టు ఎక్కువ లాగుతుంది, వేగం పెరుగుతుంది. ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుడితే నాలుగు చుట్లంత లావు.

మందు వేసే ముందు రోగాన్ని చూద్దామని ఒక రీలు ఎక్కించి, దుకాణం షట్టరు సగం దించి, దాని లోపలి వైపు తెల్ల కాగితం అంటించి, దీపం వేశాడు.

కాగితం మీద పరంజా కనిపించింది. ఇసుక కుప్ప, దాని పక్కన తుండుగుడ్డ చుట్టుకున్న మేస్త్రీ, ఆడవాళ్ళ వరస. ఇంజనీరు కెమెరాని ఇటుకల మీద పెట్టి మరిచిపోయినట్టున్నాడు, బొమ్మ కదలకుండా నిలిచి ఉంది. మలుపు దగ్గర చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపుకున్న ఒక సన్నటి పిల్ల గమేలా అందుకొని, నడుము తిప్పి, పైకి ఎత్తింది. ఎత్తాక నుదుటి మీద పడ్డ జుట్టుని నోటి చివరతో ఊదుకుంది. రొట్టెలు చేస్తూ గంగవ్వ రోజూ అలాగే ఊదుకుంటుంది.

పెళ్ళాన్ని ఇరవై రెండేళ్ళ వయసులో మళ్ళీ చూసిన మొగుడు ఏం చెయ్యాలి? కళ్ళు తుడుచుకోవచ్చు. పేరు పెట్టి పిలవచ్చు. రాజలింగం ఫోను తీసి టైము పెట్టుకొని గమేలాలు లెక్కపెట్టాడు. నిమిషానికి ఇరవై ఏడు వచ్చాయి, ఇరవై ఎనిమిదోది ఇంకా చేతిలోనే ఉంది. పట్టపగలు పదకొండు గంటలకి షట్టరు దించి, ప్రొజెక్టరు ఎత్తుకొని ఇంటికి పరిగెత్తాడు.

ఖోలీ గోడ మీద ఆ బొమ్మ పడగానే గంగవ్వ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.  "గింత సన్నగ ఉంటినా" అంది. "గా తుండుగుడ్డ సాయిలు మేస్త్రీదే. ఇగో, కిష్టమ్మ. దాని ముక్కుపుల్ల చూడు." ఆ సంతోషంలో ఆమెని రెండు నిమిషాలైనా ఉండనివ్వచ్చు కదా. రాజలింగం ఉండనివ్వలేదు.

"ఇరవై ఏడు!" అన్నాడు. "నేను ఇరవై అన్న, నువ్వు నలభై అన్నవ్. ఎవరిది దగ్గర?"

గంగవ్వ అతని వైపు చూడలేదు, గోడనే చూస్తోంది. స్లాబు మీద నుంచి ఎవరో వదిలిన ఖాళీ గమేలా ఒకటి కింద ఇసుక మీదికి వచ్చింది.

"నీ మశీన్ నిద్ర పోతుంది. గా గమేలా చూడు, దూదిపింజ లెక్క దిగుతుంది. ఇనుము గట్ల దిగుతదా?" అంది.

రాజలింగానికి తల కొట్టేసినట్టయింది. మోటారు నెమ్మదని చీటీ చదివినప్పుడే తెలుసు. తెలిసీ లెక్కపెట్టాడు. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే దుకాణం ముందు నిలబడనిచ్చేవాడు కాదు. "సరే," అన్నాడు గొంతు సవరించుకొని. "దీన్ని అసలు స్పీడుకి తెస్త. ఐతారం నాడు చాళ్ అందరి ముందట ఏస్త. ఎన్ని వస్తే అన్ని. మల్ల మాట మార్చొద్దు."

"నేను మార్చ. నువ్వు మార్చకు" అంది గంగవ్వ.

అసలు వేగం అని గొప్పగా అనేశాడు గానీ అదెంతో ఎవరికి తెలుసు? ఇంజనీరు కెమెరా సెకనుకి పదహారు బొమ్మలు తీసిందో, పద్దెనిమిది తీసిందో, ఇరవై నాలుగు తీసిందో చెప్పేవాళ్ళు లేరు. తీసిన వేగంతోనే తిప్పితే తప్ప మనుషులు మనుషుల్లా కదలరు. రాజలింగం రీలుని కిటికీ వెలుతురుకి పట్టుకొని, భూతద్దం పెట్టుకొని, ఆ పడే గమేలానే వెతికాడు. స్లాబు అంచు దగ్గర చేయి వదిలిన బొమ్మ నుంచి ఇసుక తాకిన బొమ్మ దాకా లెక్కపెడితే పద్నాలుగు. అప్పుడతనికి తట్టింది. మనుషులు బద్ధకించవచ్చు, పైనుంచి పడే ఇనుము బద్ధకించదు. వర్లీలో పడినా, పదకొండో గల్లీలో పడినా ఒకటే వేగం.

"స్లాబు ఎంత ఎత్తు?" అని అడిగాడు.

"పది అడుగులు. స్లాబు కింద ఆపే బల్లీ కట్టెలు పది అడుగులవే పెడ్తుండిరి" అంది గంగవ్వ.

గల్లీలో మోరీ పని చేస్తున్న పాలమూరు మనిషి నర్సింహులుని బతిమాలి ఒక గమేలా అడిగి తెచ్చాడు. చాళ్ బయటి మెట్ల పక్క గోడ మీద పది అడుగుల దగ్గర సుద్దగీత గీశాడు. కొడుకు కూతురు స్నేహల్ కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగి, ఆమెని ఫోనుతో కింద నిలబెట్టాడు.

"ఆజోబా, ఏం చేస్తున్రు?" అని మరాఠీలో తాతని పిలిచి అడిగింది ఆ పిల్ల.

"సైన్సు. తియ్యి వీడియో."

మెట్ల మీద నిలబడి గమేలా వదిలాడు. అది గాలిలో ఒక పల్టీ కొట్టి కిష్టమ్మ నీళ్ళ డ్రమ్ముకి తగిలి, చాళ్ అంతా మోగింది. రెండోసారి పోయి అతుల్ స్కూటర్ సీటు మీద కూర్చుంది. మూడోసారికి మూడంతస్తుల వాళ్ళూ గ్యాలరీల్లోకి వచ్చి నిలబడ్డారు. "అన్నకి ఏమైంది వదినె? డాక్టర్‌కి చూపిచ్చిన్రా?" అని కిష్టమ్మ పైనుంచి కేకేసింది.

గంగవ్వ చేతులు కొంగుకి తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చింది. "మోటార్లు తప్ప ఇంకేం తెల్వదు నీకు. మూతి కిందికి పెట్టి, రెండు చేతులు ఒక్కసారి ఇడవాలె. కింద మనిషి నెత్తి ఉంటది. అది పల్టీ కొడితే నెత్తి పగులుతది. పనికి పోయిన మొదటి దినం నేర్పేది గదే" అని గమేలా లాక్కొని, గీత దగ్గర పట్టుకొని, వదిలింది. గమేలా వంకర పోకుండా దిగి, నేల మీద ఒకే ఒక్క చప్పుడుతో కూర్చుంది.  పైన గ్యాలరీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

స్నేహల్ ఫోనులో ఒక్కో బొమ్మా జరిపి చూసింది. ఫోను సెకనుకి ముప్పై బొమ్మలు తీస్తుంది. గమేలా నేల తాకడానికి ఇరవై నాలుగు పట్టాయి. రీలులో అదే పని పద్నాలుగులో అయింది. ఆ పిల్ల గుణించి, భాగించి, "పదిహేడున్నర, ఆజోబా. అంటే పద్దెనిమిదే అయ్యుంటది" అంది. రాజలింగం మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టి, ఆ రాత్రి గంగవ్వకి ఎదురు మాట ఒక్కటి కూడా చెప్పకుండా అన్నం తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం దుకాణంలో కూర్చొని టేపు చుట్టడం మొదలుపెట్టాడు. ఒక పనికిరాని రీలు ముక్క మీద నూట ఎనభై బొమ్మలకి ఒకటి చొప్పున గుర్తులు పెట్టుకున్నాడు. పది సెకన్లకి ఒక గుర్తు దాటాలి. ఆరు చుట్లకి చాల్లేదు. తొమ్మిది చుట్లకి గుర్తు ముందే పరిగెత్తింది. ఒక చుట్టు విప్పాడు. ఎనిమిది చుట్ల దగ్గర గుర్తూ సెకన్ల ముల్లూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు నడిచాయి. మోటారు చప్పుడు కూడా మారింది, కడుపు నిండిన పిల్లిలా గురగురమంది. ఇది నిజమైన వేగం. రాజలింగం జీవితంలో ఇంత కచ్చితంగా ఏ మోటారునీ నిలబెట్టలేదు.

ఇంక ఆ రీలు ఎక్కించాడు. కాగితం మీద మనుషులు మనుషుల్లా కదిలారు. గమేలా ఇనుములా పడింది. అతను టైము పెట్టుకొని లెక్కపెట్టాడు. ముప్పై మూడు.

మళ్ళీ పెట్టాడు. ముప్పై మూడే.

నలభై లేదని నలభై మూడేళ్ళు వాదించినవాడు ఎగిరి గంతెయ్యాలి. రాజలింగం రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు, ఈసారి లెక్కపెట్టలేదు. ఆ పిల్ల నడుము తిప్పడం, ఎత్తడం, ఊదుకోవడం చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో అతను ఒక ఉస్తాద్ దగ్గర పంఖా కింద కూర్చొని వైండింగు నేర్చుకుంటున్నాడు. వాళ్ళ నాయన, తాత, ముత్తాత అందరూ ఈ బొంబాయిలో రాళ్ళూ మట్టీ మోసినవాళ్ళే. ఎండ పడదని, బరువు పడదని తప్పించుకున్న మొదటివాడు రాజలింగం. ఒక్క గమేలా కూడా ఎత్తలేదు. రెండేళ్ళు అతను పని నేర్చుకున్నాడు, ఆమె ఇల్లు నడిపింది. సిమెంటుకి పగిలిన వేళ్ళతో రొట్టె తుంచలేక ఆమె తంటాలు పడుతుంటే అతనే తుంచి పెట్టేవాడు. ఆ వర్లీ స్లాబు నాటి సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా, కళ్ళు మెరుస్తుంటే చెప్పింది, నిమిషానికి నలభై అని. అతను ఫక్కున నవ్వాడు. ఎందుకు నవ్వాడో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు బాగా తెలుస్తోంది, సిగ్గుపడి నవ్వాడు. ఆ నవ్వుని నలభై మూడేళ్ళు లాక్కొచ్చాడు.

రేపు చాళ్ అందరి ముందూ ఆమె నలభైని తన చేతులతోనే ముప్పై మూడు చెయ్యాలి. ఎంత ఆలోచించినా అతని వల్ల కాలేదు. టేపు చుట్ట తీసుకొని, తెలిసే, పూర్తి తెలివితోనే, ఇంకో పది చుట్లు చుట్టాడు. లెక్కపెడితే సరిగ్గా నలభై వచ్చింది. దర్జీల ప్రాణం తీసి వేగం తగ్గించే మనిషి మొదటిసారి దొంగ వేగం పెట్టి షట్టరు దించాడు.

ఆదివారం మధ్యాహ్నం చాళ్ వాళ్ళంతా కలుసుకునే మండలి గదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల పంచె వేలాడదీశారు. గది కిక్కిరిసింది. ముందు వరసలో గంగవ్వ, పక్కన కిష్టమ్మ. స్నేహల్ ఫోనులో టైము పెట్టింది. దీపం వెలిగింది, రీలు టకటకమంది, గంగవ్వ మొదటి గమేలా ఎత్తింది.

"ఏక్!" అంది గదంతా. తరవాత అంకెలు మరాఠీలో, హిందీలో, తెలుగులో కలగలిసిపోయి పరిగెత్తాయి. ముప్పై దాటేసరికి పిల్లలు లేచి నిలబడ్డారు. స్నేహల్ "టైం!" అని అరిచేసరికి నలభై. ఈలలు, చప్పట్లు. "ఆజీ జిందాబాద్" అని అవ్వకి జై కొట్టారెవరో. అతుల్ రాజలింగం వీపు మీద చరిచి, "హార్‌లే కాకా!" అన్నాడు. రాజలింగం ఓడిపోయినవాడిలా తల వంచుకున్నాడు. ఆ నటన అతనికి బాగానే వచ్చింది.

గంగవ్వ మాత్రం నవ్వలేదు.

"మల్లోసారి వెయ్యి" అంది.

వేశాడు. ఈసారి గది మళ్ళీ లెక్కపెడుతుంటే ఆమె మలుపు వైపు చూడలేదు. స్లాబు అంచునే చూస్తోంది. ఖాళీ గమేలా కిందికి వచ్చింది.

"ఆపు." గంగవ్వ లేచి నిలబడింది. "గమేలా గట్ల పడదు."

"ఎట్ల పడదు?" అన్నాడు రాజలింగం.

"గంత జల్ది పడదు. ఏడేండ్లు గా ఖాళీలు నెత్తి మీదికొస్తుంటె చూసిన. జర్రంత అటిటు అంచనా తప్పితే ఇయ్యాల నేను ఈడ ఉండకపోదును. గంగవ్వకి గమేలా పడుడు నేర్పుతవా? మొన్న నా చేతులతోటే ఇడిసిన కద. నీ మశీన్ల ఏం పెట్టినవ్?"

ఇదీ రాజలింగం చేసిన పొరపాటు. గమేలాలు ఎత్తే చేతుల్ని సరిచేశాడు గానీ, పడే గమేలా కూడా వాటితో పాటు పరిగెడుతుందన్నది మరిచిపోయాడు. ఒక్కరోజు స్లాబు కింద నిలబడ్డవాడైతే మరిచిపోడు.

దాచడానికి దారి లేదు. మూత విప్పి, అందరి ముందూ టేపు కొస లాగాడు. లెక్కపెట్టడం రుచి మరిగిన చాళ్ దాన్ని కూడా వదల్లేదు. "ఏక్, దో, మూడు..." పదో చుట్టు ఊడేదాకా పిల్లలు అరుస్తూనే ఉన్నారు. మిగిలిన ఎనిమిదీ అసలువని, ఈ పదీ తను కలిపినవని అతనే చెప్పుకున్నాడు. మళ్ళీ రీలు ఎక్కించాడు. ఈసారి గమేలా దిగినప్పుడు గంగవ్వ తల ఊపింది. స్నేహల్ "టైం" అని మెల్లగా అంది.

ముప్పై మూడు.

ఎవరూ నవ్వలేదు. గంగవ్వ తెల్లగుడ్డ వైపే చూస్తూ కూర్చుంది. కిష్టమ్మ ఆమె వైపు జరిగి, దగ్గి, "వదినె, ఒక మాట చెప్పాలె. ఇన్నేండ్లు నీకు కష్టమనిపిస్తదని చెప్పలే" అంది.

"ఏంది?"

"సాయిలు మేస్త్రీ నాకు నలభై రెండు అన్నడు."

గంగవ్వ ఆమె వైపు తిరిగింది. "నీకా?"

"నాకే. గడియారం చూసుకుంటనే అన్నడు. ఎవరికీ చెప్పకు, గంగవ్వ మనసు నొచ్చుకుంటది అన్నడు. నేను చెప్పలే."

"ఒక్క వరసల పక్కపక్కకు నిలబడి, నాకు నలభై, నీకు నలభై రెండు ఎట్లొస్తయే? నడిమిట్ల రెండు గమేలాలు ఎవరు తిన్నరు?"

ముందు కిష్టమ్మే నవ్వింది. తరవాత గంగవ్వ. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఎంతమందికి ఎన్ని చెప్పిండో ముండకొడుకు! ఉరికిచ్చి ఉరికిచ్చి చంపిండు!" అని గంగవ్వ తిట్టింది. ఆ తిట్టులో కోపం కంటే అభిమానమే ఎక్కువ. గదంతా నవ్వుల్లో మునిగింది. ఆ రీలు ఇంకో నాలుగుసార్లు వేయించుకున్నారు, లెక్కపెట్టకుండా. రేపటి గిరాకీకి రీళ్ళు లేవని చెప్తానని అతుల్ తనంతట తనే అన్నాడు.

అందరూ వెళ్ళాక రాజలింగం నేల మీద కూర్చొని బెల్టు తీస్తున్నాడు. గంగవ్వ పంచె మడత పెడుతూ అతని పక్కన ఆగింది.

"పది చుట్లు ఎందుకు చుట్టినవ్?"

అతను బెల్టు పక్కన పెట్టాడు. "నిన్న ముప్పై మూడు వచ్చింది. అందరి ముందట నీ మొహం మీద ఎట్ల చెప్పాలె?"

"నలభై మూడేండ్ల సంది ఇరవై, ఇరవై అనుకుంట చెప్పలే?"

"గది ఉత్తదే, గందుకే అన్న. ఉత్తది ఎన్నిసార్లైన అనొచ్చు. ఇది నిజం ఉండె. నోరు రాలే."

గంగవ్వ మడత పెట్టిన పంచెని చంకలో పెట్టుకొని, మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా అతని పక్కన కూర్చుంది. నేల మీద పడి ఉన్న నల్ల టేపు ముక్కని కాలి బొటనవేలితో జరిపింది.

"నలభై నలభైయే. నేను మాట మార్చ" అంది. "ముప్పై మూడు నేను ఎత్తిన. మిగిలిన ఏడు నువ్వు ఎత్తినవ్."

నలభై మూడేళ్ళలో మొదటిసారి రాజలింగం ఆ లెక్కకి ఎదురు చెప్పలేదు.